ఫాదరా, పాస్టరా, అయ్యగారా? క్రైస్తవ గురువులను ఎలా పిలవాలి, కార్డు మీద ఎలా రాయాలి

పెళ్లి కార్డు ప్రూఫ్ చూస్తున్నారు, లేదా స్కూలు వార్షికోత్సవానికి బిషప్ గారిని ముఖ్య అతిథిగా పిలిచారు, లేదా ఉన్నట్టుండి మైకు చేతికిచ్చి "అయ్యగారిని వేదిక మీదికి ఆహ్వానించు" అన్నారు. టెన్షన్ అక్కడే మొదలవుతుంది. రెవరెండ్ అనాలా, ఫాదర్ అనాలా, పాస్టర్ అనాలా, బ్రదర్ అంటే చిన్నబుచ్చినట్టు అవుతుందా? ఎందుకొచ్చిన గొడవ అని అన్నీ కలిపి "రెవ. ఫాదర్ పాస్టర్ ఫలానా గారు" అని కొట్టేసిన ఫ్లెక్సీలు మన ఊళ్లలో కొత్తేమీ కాదు. హిందూ, ముస్లిం స్నేహితులకే కాదు, బాప్టిస్టు ఇంట పుట్టి కథోలికుల ఇంటికి సంబంధం కలుపుకున్నవాళ్లకు కూడా ఇది తలనొప్పే.

ముందుగా ఒక సంగతి. ఈ బిరుదులు పొగడ్తలు కావు. తహసీల్దార్, ఎస్సై లాగా చాలావరకు ఇవి ఆ మనిషికి చర్చిలో ఉన్న బాధ్యతను చెప్పే మాటలు. కాబట్టి పెద్ద మాట వేస్తే గౌరవం పెరిగినట్టు కాదు, తప్పు మాట వేసినట్టే. ఎదురుగా పిలిచేటప్పుడు ఆయన సంఘంవాళ్లు ఎలా పిలుస్తారో అలా పిలవండి, కాగితం మీద రాసేటప్పుడు ఆయనకు దక్కిన పట్టం (చర్చి అధికారికంగా ఇచ్చే గురు నియామకం) ఏదో అది రాయండి. ఈ రెండూ చాలాసార్లు వేరువేరుగా ఉంటాయి, గందరగోళం అంతా అక్కడే.

అడుగు 1: ఏ సంఘమో కనుక్కోండి

"చర్చి అయ్యగారు" అంటే సరిపోదు. తెలుగు నేల మీద కథోలికులు ఉన్నారు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఉంది, గుంటూరు కేంద్రంగా లూథరన్లు, నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి పెరిగిన బాప్టిస్టులు, మెథడిస్టులు, మెన్నోనైట్లు, పెంతెకొస్తు వాళ్లు, బ్రదరన్, హెబ్రోను సంఘాలు, వీటన్నిటికీ బయట ఎవరికి వారుగా నడిచే స్వతంత్ర సంఘాలు లెక్కలేనన్ని. ఒకచోట గౌరవం అనుకున్న మాట ఇంకోచోట ఎబ్బెట్టుగా వినిపిస్తుంది.

సంఘం పేరు తెలియకపోతే మాటతీరు చెప్పేస్తుంది. పూజ, దివ్యబలిపూజ, విచారణ (ఒక గురువు చూసుకునే ప్రాంతం), మేత్రాసనం (బిషప్ కింద ఉండే ప్రాంతం) అంటున్నారంటే కథోలికులు. ఆరాధన అంటూ, విచారణను పాస్టరేట్ అని, మేత్రాసనాన్ని డయోసిస్ అని అంటుంటే చాలావరకు సీఎస్ఐ. సీఎస్ఐ 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ ధారలు కలిసి ఏర్పడింది. బిషప్పుల బిరుదులు మాత్రం దానికి ఆంగ్లికన్ల నుంచే వచ్చాయి. దోర్నకల్, మెదక్, కరీంనగర్, కృష్ణా-గోదావరి, రాయలసీమ, నంద్యాల దాని తెలుగు డయోసిస్‌లు. కూడిక, సహవాసం, రొట్టె విరుచుట అనే మాటలే ఎక్కువ వినిపిస్తే బ్రదరన్ లేదా హెబ్రోను అయ్యుండొచ్చు. అక్కడ బిరుదు అసలు వాడకపోవడమే పద్ధతి, దాని సంగతి తర్వాత.

అడుగు 2: పట్టం అయిందా, లేదా?

ఇది అడగడానికి చాలామంది మొహమాటపడతారు, కానీ అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. వాక్యం చెప్పే ప్రతివాళ్లూ పట్టం పొందినవాళ్లు కారు. సువార్తికులు ఉంటారు, ఉపదేశులు ఉంటారు, సంఘ పెద్దలు ఉంటారు, ఆదివారం ప్రసంగం చేసే రిటైర్డ్ టీచర్లు ఉంటారు. వీళ్ల పేరు ముందు "రెవ." వేయకూడదు. వేస్తే వాళ్లకే ఇబ్బంది, చూసినవాళ్లు "ఈయన ఎప్పుడు రెవరెండ్ అయ్యారు?" అని నవ్వుకుంటారు.

కథోలిక, ఆంగ్లికన్ లెక్కలో పట్టం మూడు మెట్లు: డీకన్, గురువు, బిషప్. సీఎస్ఐలో రెండో మెట్టును ప్రెస్బిటర్ అంటారు. ఆ సంఘంలో డీకన్‌గా పట్టం పొందిన రోజు నుంచే పేరు ముందు "రెవ." వస్తుంది. కథోలికుల్లో డీకన్ ఇంకా ఫాదర్ కాదు, "డీకన్ ఫలానా" అంతే. గురుపట్టాభిషేకం అయ్యాకే ఫాదర్. బాప్టిస్టు సంఘంలో డీకన్ అంటే మళ్లీ వేరే. ఆయన ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ సంఘం పనులు, లెక్కలు చూసే పెద్దమనిషి, పాస్టర్ కాదు. అదే పేరుకి మూడు అర్థాలు. "మా మామగారు చర్చిలో డీకన్" అని పెళ్లికొడుకు చెప్పగానే కార్డు మీద "రెవ." ఎక్కించేయకండి.

అడుగు 3: కాగితం మీద ఏ మాట

రెవరెండ్ అంటే లాటిన్ మూలంలో "గౌరవించదగిన" అని. అది విశేషణం, హోదా పేరు కాదు. అందుకే ఒక్క రెవరెండ్ ముందు రైట్, మోస్ట్, వెరీ అని చేర్చుకుంటూ పోయారు. సీఎస్ఐలో పాస్టరుకు "రెవ.", బిషప్‌కు "రైట్ రెవ.", బిషప్పుల్లోంచే ఎన్నికై సంఘమంతటికీ పెద్దగా ఉండే మోడరేటర్‌కు పదవిలో ఉన్నంతకాలం "మోస్ట్ రెవ.". ఆంగ్లికన్ సంప్రదాయంలో కెథడ్రల్ డీన్‌కు "వెరీ రెవ.", ఆర్చ్‌డీకన్‌కు "వెనరబుల్" ఉన్నాయి గానీ మన పెళ్లి కార్డుల దాకా అవి రావడం అరుదు.

కథోలికుల దగ్గరికొస్తే లెక్క మారుతుంది. మామూలు గురువుకు "రెవ. ఫా.". తెలుగులో "గురుశ్రీ" అని కూడా రాస్తారు, వినడానికి అందంగా ఉంటుంది, నాకు అదే ఇష్టం. వికార్ జనరల్ (బిషప్ తరఫున పాలన చూసే గురువు), ప్రొవిన్షియల్ (మఠసభకు ప్రాంతీయ పెద్ద) లాంటి బాధ్యతల్లో ఉన్నవాళ్లకు "వెరీ రెవ. ఫా." అని వేస్తుంటారు. బిషప్ అయినా ఆర్చ్‌బిషప్ అయినా మన దేశంలో కథోలికులు "మోస్ట్ రెవ." అనే రాస్తారు, తెలుగులో "మహా పూజ్య". అంటే సీఎస్ఐ బిషప్ రైట్ రెవరెండ్, కథోలిక బిషప్ మోస్ట్ రెవరెండ్. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. ఇద్దరూ ఒకే వేదిక మీద ఉంటే ఒకరిని తగ్గించి ఇంకొకరిని పెంచారేమో అనిపిస్తుంది, కానీ అది ఎక్కువ తక్కువ కాదు, ఎవరి సంప్రదాయం వాళ్లది. పోనీలే అని ఇద్దరికీ ఒకటే వేస్తే ఎవరో ఒకరిది తప్పవుతుంది.

మోన్సిగ్నోర్ అని ఇంకో మాట ఉంది. అది హోదా కాదు, పోపు గారు కొందరు గురువులకు ఇచ్చే గౌరవం. 2014లో ఫ్రాన్సిస్ పోపు గారు మేత్రాసన గురువుల్లో 65 దాటినవాళ్లకే ఇవ్వాలని కట్టడి చేశారు కాబట్టి కుర్ర ఫాదర్ పేరు ముందు కొత్తగా అది కనిపిస్తే ఒకసారి సరిచూసుకోండి.

కార్డినల్ అంటే పోపు గారు తన సలహాదారుల్లో ఒకరిగా ఎంచుకున్న పెద్ద, ఆయనకు ఇంగ్లీషులో "హిజ్ ఎమినెన్స్". ఇదివరకు మనకు దీని అవసరమే పడలేదు. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల అంతోని గారు కార్డినల్ అయ్యారు, తెలుగువాళ్లలో మొదటి కార్డినల్ ఆయనే, దళితుల్లోంచి మొదటివారూ ఆయనే. అప్పటి నుంచి ఆహ్వాన పత్రికల్లో ఈ మాట మనకూ అలవాటవుతోంది. పాత పద్ధతిలో కార్డినల్ అనేది పేరుకూ ఇంటిపేరుకూ మధ్యలో పెడతారు, "అంతోని కార్డినల్ పూల" అన్నట్టు. మనం ఇంటిపేరు ముందు రాసేవాళ్లం కాబట్టి తెలుగులో అది పొసగదు, "మహా పూజ్య కార్డినల్ పూల అంతోని గారు" అంటే హాయిగా ఉంటుంది.

లూథరన్లు, బాప్టిస్టులు, మెన్నోనైట్ల దగ్గర పని సులువు: పట్టం ఉంటే "రెవ.", లేకపోతే "పాస్టర్" లేదా "శ్రీ". మెథడిస్టుల్లో బిషప్ అనేది వేరే పట్టం కాదు, ఎన్నికతో వచ్చే బాధ్యత, "బిషప్ ఫలానా గారు" అంటే చాలు.

అడుగు 4: ఎదురుపడితే

ఎంత పెద్ద రెవరెండ్ అయినా ఎదురుగా "రెవరెండ్ గారూ" అని ఎవరూ పిలవరు, పిలిస్తే అదోలా ఉంటుంది. ఇంగ్లీషువాళ్లలోనూ పట్టింపు ఉన్నవాళ్లు అది రాయడానికే గాని పిలవడానికి కాదంటారు. సీఎస్ఐ, లూథరన్, బాప్టిస్టు ఊళ్లలో "అయ్యగారూ", ఆయన భార్య "అమ్మగారు". టౌన్లలో "పాస్టర్ గారూ". "వందనాలండి అయ్యగారూ" అంటే శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఎవరూ తప్పు పట్టరు.

కథోలిక గురువును "ఫాదర్" అనాలి. "ఫాదర్ గారు" అని కూడా వినిపిస్తుంది, ముఖ్యంగా ఆయన లేనప్పుడు ఆయన గురించి చెప్పేటప్పుడు: "ఫాదర్ గారు పూజకి వెళ్లారు." ఎదురుగా ఉత్త "ఫాదర్" అన్నా అమర్యాద కాదు, క్రియలో "మీరు" ఉంటే చాలు. బిషప్‌ను ఏ సంఘంలోనైనా "బిషప్ గారూ" అనొచ్చు. కథోలిక బిషప్ ఉంగరం ముద్దుపెట్టుకునే పాత ఆచారం మీకు తెలియకపోతే నమస్కారం చాలు, ఆయనేమీ అనుకోరు.

ఫాదర్ అనే మాట మీద కొందరు ప్రొటెస్టెంట్లకు గట్టి అభ్యంతరం ఉంది. మత్తయి 23:9లో భూమి మీద ఎవరినీ తండ్రి అని పిలవొద్దని యేసు చెప్పాడు కదా అంటారు. కథోలికులేమో 1 కొరింథీ 4:15 చూపిస్తారు, అక్కడ పౌలు సువార్త ద్వారా మిమ్మల్ని కన్నది నేనే అంటాడు. ఈ వాదన మీ పెళ్లి కార్డు మీద తేలదు. ఆయన మీకు గురువు కాకపోయినా ఆయన్ని ఫాదర్ అనడం మర్యాద, స్వామీజీని స్వామీజీ అన్నట్టే. ఇంకో తమాషా ఏమిటంటే 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టిన హైయర్ ప్రొటెస్టెంటే అయినా ఇప్పటికీ ఆయన్ని "ఫాదర్ హైయర్" అనే తలుచుకుంటారు. మన వాడుక సిద్ధాంతం అడిగి నడవదు.

అడుగు 5: ఈ లెక్కకు అందనివాళ్లు

బ్రదరన్ సంఘాలు గోదావరి జిల్లాల్లో పాతవి. 1836లో బౌడెన్, బీర్ కుటుంబాలు వచ్చి నర్సాపురం కేంద్రంగా పని చేశాయి. పాదిరి, సంఘస్తుడు అనే తేడా వద్దనేది వాళ్ల పట్టుదల. హైదరాబాద్‌లోని హెబ్రోను అనే సంఘ కేంద్రంతో ముడిపడిన సువార్తికుడు భక్తసింగ్ గారిని కూడా వేల మంది వినేవాళ్లు, అయినా 2000లో చనిపోయేదాకా ఆయన "బ్రదర్ భక్తసింగ్"గానే ఉన్నారు. ఇలాంటి వాళ్ల పేరు ముందు గౌరవం కోసమని "రెవ." వేస్తే అదే అవమానం. పూజింపదగినది దేవుని నామమే అని కీర్తన 111:9 చూపించి కార్డు తిప్పి పంపేవాళ్లూ ఉంటారు. "సహోదరులు ఫలానా గారు" అని రాయండి, "బ్రదర్" అని పిలవండి.

కథోలికుల్లో బ్రదర్ వేరే. గురువు కావడానికి సెమినరీలో చదువుతున్న కుర్రాడు బ్రదర్, కొన్నేళ్లకు ఫాదర్ అవుతాడు. మఠసభలో చేరి పట్టం తీసుకోకుండా జీవితాంతం సేవ చేసేవారూ బ్రదరే, ఆయన ఎప్పటికీ ఫాదర్ కారు. జుట్టు నెరిసింది కదా అని "ఫాదర్" అనేస్తే ఆయనే నవ్వుతూ సరిదిద్దుతారు.

బాపట్ల, స్టూవర్టుపురం వైపు వెళ్తే చర్చి నడిపే ఆయన్ని "మేజర్ గారు" అంటే ఉలిక్కిపడకండి. సాల్వేషన్ ఆర్మీ వాళ్లది మిలిటరీ వరస: లెఫ్టినెంట్, కెప్టెన్, మేజర్, కల్నల్, కమిషనర్, ప్రపంచమంతటికీ ఒక జనరల్. రెవరెండ్ వాడరు. భార్యాభర్తలు ఇద్దరూ ఆఫీసర్లే కాబట్టి కార్డు మీద ఆమె హోదా కూడా వేయాలి, "మేజర్ గారి భార్య" అని వదిలేయకూడదు.

ఇక "మార్". 1999లో ఏర్పడిన ఆదిలాబాద్ మేత్రాసనం, 2017లో ఏర్పడిన శంషాబాద్ మేత్రాసనం సిరో మలబార్ కథోలిక సంఘానివి, కేరళ మూలం. వాళ్ల బిషప్ పేరు ముందు "మార్" ఉంటుంది. శంషాబాద్ బిషప్‌గా ఉండి 2024లో ఆ సంఘానికి మేజర్ ఆర్చ్‌బిషప్ (అంటే సంఘమంతటికీ పెద్ద) అయిన మార్ రఫేల్ తట్టిల్ గారు అలాంటివారే. మార్ అనేది సిరియాక్‌లో ప్రభువు లాంటి గౌరవపదం. దాన్ని ఇంటిపేరు అనుకుని "ఎం. రఫేల్" అని పొడి అక్షరం చేసిన కార్డు ఎంత చక్కటి అట్ట మీద వేసినా దండగే.

స్వతంత్ర సంఘాల్లో మాటలు ఎక్కువ: దైవజనులు, అన్న, డాడీ, అపొస్తలులు, ప్రవక్త, బిషప్ డాక్టర్. ఎవరు ఎవరికి పట్టం ఇచ్చారో బయటివాళ్లకు అంతు చిక్కదు, చిక్కాల్సిన అవసరమూ లేదు. మీరు ఆ సంఘస్తులైతే అక్కడ పిలిచే మాటే పిలవండి. కాకపోతే "పాస్టర్ ఫలానా గారు" చాలు, ప్రవక్త అని మీరెందుకు సర్టిఫికెట్ ఇవ్వాలి?

అడుగు 6: డాక్టర్, పొడి అక్షరాలు, వరస

"రెవ. డా. ఫలానా", ముందు రెవ., తర్వాత డా. తిరగేయకూడదు. డాక్టర్ అని వేసే ముందు అది చదివిన డాక్టరేటా, గౌరవ డాక్టరేటా, ఫంక్షన్ హాల్లో శాలువాతో పాటు కప్పినదా అన్నది తెలిసినవాళ్ల ద్వారా కనుక్కోండి. మన దేశంలో థియాలజీ చదువులకు పాత పునాది శ్రీరాంపూర్ కాలేజీ, దానికి డెన్మార్క్ రాజు 1827లో సన్నదు (రాజు ఇచ్చే అధికార పత్రం) ఇచ్చాడు. మన తెలుగు సంఘాలు కలిసి నడిపే ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ కూడా శ్రీరాంపూర్ సెనేట్ (డిగ్రీలిచ్చే మండలి) కిందే డిగ్రీలు ఇప్పిస్తుంది. కష్టపడి డి.టి.హెచ్. (థియాలజీలో డాక్టరేట్) చేసినవాళ్ల "డా."కూ, డబ్బు కట్టి తెచ్చుకున్న "డా."కూ ఒకే సైజు అక్షరాలు వేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

కథోలిక గురువుల పేరు చివర ఎస్.జె., ఎస్.డి.బి. లాంటివి ఉంటే అవి డిగ్రీలు కావు, మఠసభల పేర్లు. ఎస్.జె. అంటే జెస్విట్లు, విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీ వాళ్లదే. ఎస్.డి.బి. అంటే సలేషియన్లు. అవి తీసేయకండి, బి.ఎ., ఎం.ఎ.లతో కలిపేయకండి.

అడుగు 7: ఆడవాళ్లయితే

సిస్టర్లు, మదర్ సుపీరియర్లు మఠవాసినులు, గురుపట్టం ఉన్నవాళ్లు కారు. "సిస్టర్" అని పిలవండి, "రెవ. సిస్టర్" అని రాస్తారు, అది వాడుకలో ఉన్నదే.

సీఎస్ఐలో మహిళా ప్రెస్బిటర్లు ఉన్నారు, 2013లో నంద్యాలలో ఇ. పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, సీఎస్ఐలో మొదటి మహిళా బిషప్ ఆమే. కాగితం మీద ఏ ఇబ్బందీ లేదు, మగవాళ్లకు వేసినట్టే "రైట్ రెవ.", "రెవ.". నోటితో పిలిచేటప్పుడే చిక్కు, ఎందుకంటే పాస్టరమ్మ, అమ్మగారు అనే మాటల్ని మనం పాస్టరు భార్యకు కేటాయించేశాం. పట్టం ఉన్న ఆమెను అలా పరిచయం చేస్తే విన్నవాళ్లు "మరి అయ్యగారు రాలేదా?" అంటారు. మైకులో "పాస్టర్ గారు" లేదా "రెవరెండ్ ఫలానా గారు" అని స్పష్టంగా చెప్పండి, విడిగా మాట్లాడేటప్పుడు "అమ్మగారూ" అన్నా ఫర్వాలేదు.

అడుగు 8: ఇక రాసేయండి

సీఎస్ఐ పెళ్లి కార్డుకు ఇలా: "రెవ. ఫలానా గారు, ప్రెస్బిటర్, ఫలానా పాస్టరేట్, వివాహ ఆరాధన జరిగించెదరు." కథోలికులకు: "గురుశ్రీ ఫలానా గారు, విచారణ గురువులు, దివ్యబలిపూజ సమర్పించి వివాహాన్ని ఆశీర్వదించెదరు." గురుశ్రీ వేశాక మళ్లీ రెవ. ఫాదర్ అక్కర్లేదు. బిషప్‌కు ఉత్తరమైతే కవరు మీద పూర్తి బిరుదు, లోపల మొదలు మాత్రం "గౌరవనీయులైన బిషప్ గారికి" అంటే చాలు, ప్రతి పేరాలో రైట్ రెవరెండ్ అని మోయనక్కర్లేదు. రిటైరైన బిషప్‌కు బిరుదు పోదు, "విశ్రాంత బిషప్" అని చేర్చండి, లేకపోతే ప్రస్తుత బిషప్ ఎవరన్న సందేహం వస్తుంది. చనిపోయినవారైతే కీ.శే. ముందు, రెవ. తర్వాత: "కీ.శే. రెవ. ఫలానా".

కార్డు ప్రెస్‌కి ఇచ్చే ముందు చర్చి ఆఫీసుకు ఫోన్ చేసి "అయ్యగారి పేరు మీ లెటర్‌హెడ్ మీద ఎలా ఉందో ఫొటో తీసి వాట్సాప్ చేయండి" అనండి. ఇంటిపేరు స్పెల్లింగ్‌తో సహా తేలిపోతుంది.

పెళ్లి కార్డు అయితే ఇంకోటి కూడా అడగాలి. బిరుదు ఉన్నంత మాత్రాన పెళ్లి చేసే అధికారం ఉన్నట్టు కాదు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం బిషప్ చేతుల మీదుగా పట్టం పొందినవాళ్లు తమ చర్చి నియమాల ప్రకారం పెళ్లి జరిపించవచ్చు, మిగతా పాస్టర్లు చాలామందికి ప్రభుత్వ లైసెన్స్ కావాలి. పేరు ముందు మూడు బిరుదులున్నా చేతిలో లైసెన్స్ లేకపోతే రేపు వీసాకో పాస్‌పోర్టుకో మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలన్నప్పుడు తిరగాల్సింది మీరే. "అయ్యగారూ, మీకు మ్యారేజ్ లైసెన్స్ ఉందా?" అని అడిగితే తప్పుగా అనుకోరు, ఉన్నవాళ్లు నంబరు కూడా చెప్తారు.

వేదిక మీద అన్ని సంఘాలవాళ్లూ ఉంటే, క్రిస్మస్ విందుల్లో ఇది మామూలే, కార్డినల్, తర్వాత ఆర్చ్‌బిషప్పులు, మోడరేటర్లు, తర్వాత బిషప్పులు, తర్వాత పాస్టర్లు అన్న వరసలో పిలిస్తే ఎక్కువగా గొడవ ఉండదు. ఒకే స్థాయిలో ఇద్దరుంటే ముందు బిషప్ అయినవారిని ముందు పిలవండి. ఎవరు ముందో తెలియకపోతే బిషప్ గారినే అడగకుండా పక్కన ఫైలు పట్టుకుని నిలబడే సెక్రటరీని అడగండి, ఆయనకు తేదీలతో సహా తెలుస్తుంది.